రాసినంతే ఇల్లు

మొన్న ఆదివారం మా ఎదురింటావిడ ఇంటిపన్ను నోటీసు పట్టుకొని వచ్చింది. నేను మునిసిపాలిటీ ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది దాటింది. అయినా ప్రొద్దుటూరులో మా వీధిలో ఎవరికి పన్ను నోటీసు వచ్చినా అది ముందు నా గడపే తొక్కుతుంది. పెన్షను తినేవాళ్లకు పనేం ఉంటుందని జనం నమ్మకం.

"అక్కా, పైన వేసిన రెండు రూములు ఉండాయి గదా. అవి రేకుల షెడ్డు, సామాన్లు పెట్టుకుంటామని రొంత రాసియ్యి. అట్ల రాస్తే శానా తగ్గుతాదంట" అంది.

తెల్లకాగితం, పెన్ను కూడా తనే తెచ్చుకుంది. విసుగ్గానే తీసుకున్నాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ల మధ్య బదిలీల మీద తిరుగుతూ ఉద్యోగమంతా ఇంటిపన్ను సెక్షన్లోనే గడిపాను. నిద్రలో లేపి అడిగినా ఇట్లాంటి అర్జీ రాసేయగలను. "కమిషనర్ గారికి" అని మొదలుపెట్టి, "మా ఇంటి పై అంతస్తులోని రెండు గదులు" అనేదాకా వచ్చాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఒక ముసలాయన గుర్తొచ్చాడు. పోయిన వానాకాలంలో చనిపోయాడు. బతికున్న రోజుల్లో నా టేబుల్ ముందు నిలబడి ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట: "రాసినంతే ఇల్లమ్మా. కట్టినంత గాదు."

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన తమ్ముడి పేరూ బయటపడుతుంది. ఆ ఇంటి గుట్టు ఇప్పటికే ఎన్నో చేతుల్లో నలిగింది.

ఇంటిపన్ను వేసే పద్ధతి మారిన ఏడాది ఆయన్ని మొదటిసారి చూశాను. అంతకుముందు ఇల్లు అద్దెకిస్తే ఎంతొస్తుందో లెక్కగట్టి పన్ను వేసేవాళ్లం. తర్వాత అది పోయి, ఆ స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎంత విలువ రాసి ఉందో దాన్నిబట్టి వేయమన్నారు. ఊరు భగ్గుమంది. "అమ్మితే గదా విలువ, మేము అమ్ముతామన్న్యామా?" అని ఒకరు. "ఇల్లేమన్నా పంట పండుతాదా?" అని ఇంకొకరు. నాకు మాత్రం రెండు పద్ధతుల మీదా సమానంగా విసుగుండేది. ఏది వచ్చినా చివరికి జనం ఇంటిని చిన్నది చేసి చెప్పడం, మేము తెలిసీ తెలియనట్టు రాసుకోవడం మామూలే.

అభ్యంతరాలు తీసుకునే రోజున ఆఫీసు వరండా నిండా మనుషులు. మూడంతస్తుల మేడ ఉన్న ఒకాయన మాకు చూపించడానికే తెగిన చెప్పులు వేసుకొని వచ్చాడు. వాళ్ల మధ్యలో ఈయన నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఆ తువ్వాలు కింద చుట్టలు చుట్టిన బావి చేంతాడు. ఎద్దు తప్పిపోయిన రైతు దారి తప్పి మా దగ్గరికొచ్చాడేమో అనుకున్నాను. లోపలికి రాగానే ఆయన మమ్మల్నెవర్నీ చూడలేదు. తలెత్తి కప్పు చూశాడు.

"ఇరవై రెండు బండలు. మంచి రాయి. మా పక్కదే" అన్నాడు.

మా ఆఫీసు పాత కట్టడం. నాపరాతి బండల కప్పు. అన్నేళ్లుగా దాని కిందే కూర్చుంటూ ఒక్క రోజూ లెక్కపెట్టలేదు నేను. తర్వాత తెలిసింది, ఎవరింటికి పోయినా ఆయన ముందు పలకరించేది పైకప్పునే. మనుషులు ఆ తర్వాత.

అటెండరు మస్తాన్ ఆయన అర్జీ తీసుకొని చదివి, నమ్మలేక మళ్లీ గట్టిగా చదివాడు. "నా ఇంటికి పన్ను తక్కువగా వేసినారు. వెనకభాగం స్టోరు అని తప్పుగా రాసినారు. అది స్టోరు కాదు, ఇల్లు. ఇల్లని రాసి, వేరే డోరు నంబరు ఇచ్చి, తగిన పన్ను వేయవలెనని ప్రార్థన."

వరండా అంతా నవ్వింది.

"ఏం మామా, ఎండ తగిలిందా? ఊరంతా దించమంటాంటే నువ్వు ఎక్కించమంటాండావే!" అన్నాడు మస్తాన్.

"నవ్వేటోల్లు రొంత పక్కకు జరిగి నవ్వండప్పా. ఆయమ్మకు గాలి తగలనీండి" అన్నాడాయన, నావైపు చూపిస్తూ.

మా ఆఫీసరు ఆ అర్జీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తగ్గించమనేవాడి కష్టం ఆయనకు తెలుసు. పెంచమనేవాడి వెనక కోర్టు కేసు ఉంటుందని ఆయన అనుభవం. ఎందుకొచ్చిన గొడవని కాగితం నా టేబుల్ మీద పడేసి లోపలికి పోయాడు.

"పెద్దాయనా, వెనకభాగంలో ఎవురుంటారు?" అని అడిగాను.

"మా తమ్ముడు."

"ఎప్పటినుంచి ఉంటాండాడు?"

"ఇంగా రాలేదు."

"రాకముందే వేరే నంబరు ఎట్లిస్తాం? వేరే కాపురం ఉంటేనే వేరే నంబరు."

"నంబరుంటే వస్తాడమ్మా" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

నేను అర్జీని ఫైల్లో పెట్టాను. ఫైల్లో పెట్టడమంటే మా భాషలో ఏమిటో ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. ఆయనకూ తెలుసు. అందుకే మరుసటి సోమవారం మళ్లీ వచ్చాడు.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఒక సోమవారం ఆయన కనబడేవాడు. బెంచీ మీద కూర్చునేవాడు కాదు. వరండాలో మడమకు వేలు తగిలిస్తూ అడుగులు కొలుచుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. ఫ్యాను కింద నిలబడమంటే ఒప్పుకునేవాడు కాదు. "ఈడ సుఖానికి అలవాటు పడితే ఇంటికాడ నిద్ర పట్టదు" అనేవాడు. వచ్చినప్పుడల్లా తువ్వాలు కొంగులో ఉడకబెట్టిన శెనక్కాయలు తెచ్చి నా టేబుల్ మీద పోసేవాడు. మొదటిసారి నేను కోప్పడ్డాను.

"ఇవన్నీ వద్దు పెద్దాయనా, ఎవురన్నా చూస్తే లంచమనుకుంటారు."

"లంచమెట్లయితాది పాపా? లంచమిచ్చేటోడు తగ్గించమంటాడు. నేను పెంచమంటాండా గదా. తిను, చల్లారిపోతాయి."

తిన్నాను. మస్తాన్ కూడా తిన్నాడు. ఆఫీసరు తలుపు సందులోంచి చూసి ఒక గుప్పెడు లోపలికి తెప్పించుకున్నాడు.

క్యూలో నిలబడ్డవాళ్లతో ఆయన వాదన పెట్టుకోని రోజు లేదు. ఒకసారి ఒక రిటైర్డు అయ్యవారు ఇంటి యజమానుల తరఫున పెద్ద కాగితం రాసుకొని వచ్చి, పన్నును సగానికి తగ్గించాల్సిందేనని గట్టిగా మాట్లాడుతున్నాడు. ఈయన విని విని దగ్గరికి వెళ్లాడు.

"సగం తగ్గిస్తే ఎవురికి మిగులుతాది సారూ? మూడంతస్తులాయప్పకు మూటెడు మిగులుతాది, ఈ ముసలామెకు చారెడు మిగులుతాది" అంటూ పక్కనున్న ఒక విధవరాలిని చూపించాడు. ఆమెది బంగారు అంగళ్ల వీధి వెనక సందులో ఒంటిగది ఇల్లు. వీధి విలువ పెరిగి ఆమె పన్నూ పెరిగింది. "బంగారం ఆయమ్మ ఇంట్లో ఉందా? వీధిలో ఉండాది. వీధిలో ఉండేదానికి ఆయమ్మ ఏంటికి కట్టల్ల?"

"అయితే ఏం చేయమంటావు?" అన్నాడు అయ్యవారు ఉడుక్కుంటూ.

"పొయ్యిని జూసి పన్నెయ్యల్ల. ఎన్ని పొయ్యిలు, ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతాంది, అది జూడల్ల. తగ్గించేది పెంచేది తర్వాత. ముందు ఉన్నది ఉన్నట్టు రాయండి."

పన్ను గురించి పెద్ద ఆఫీసర్ల క్లాసులు చాలా విన్నాను. ఆ రోజు వరండాలో విన్నదాని కంటే తెలివైన మాట ఏ క్లాసులోనూ వినలేదు. కానీ మా ఫారంలో గజాలకు గడి ఉంది, కప్పు రకానికి గడి ఉంది, వీధికి గడి ఉంది. పొయ్యికి లేదు. నేను ఆమె అర్జీ తీసుకొని, మామూలుగానే ఫైల్లో పెట్టాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఆఫీసంతా భోజనాలకు వెళ్లింది. నేను క్యారియర్ విప్పుకొని కూర్చున్నాను. ఆయన గుమ్మం దగ్గర నేలమీద కూర్చొని చేంతాడు ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడే చూశాను, తాడు పొడుగునా ముళ్లున్నాయి. ఒక ముడి దగ్గర ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది.

"ఆ తాడేంది పెద్దాయనా, ఎప్పుడు జూసినా ఎత్తుకొని తిరుగుతాంటావు?"

"ఇది మా ఇల్లమ్మా" అన్నాడు.

వాళ్లది జమ్మలమడుగు అవతల ఒక పల్లె. రిజర్వాయరు నీళ్లొచ్చి ఇప్పుడు లేదు. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు ఆయన బావి చేంతాడుతో ఇల్లంతా కొలిచి, గోడ వచ్చిన ప్రతిచోటా ఒక ముడి వేసుకున్నాడట. ఎర్రపీలిక వరకు ఆయన భాగం. అక్కణ్నుంచి తమ్ముడి భాగం.

"మా నాయన పోయినాక ఇంటి మధ్యలో గోడ పెట్టుకున్న్యాం. వేరు పొయ్యి పెట్టుకున్న్యాం గానీ కొట్లాట ల్యా, ఏం ల్యా. ఆ యేడు పంచాయతీ ఆయప్ప ఇంటిపన్ను రాసేదానికి వచ్చినాడు. రెండిండ్లని రాస్తే రెండు పన్నులు. నేనేం జేసినా? ఈ పక్క ఇల్లు, ఆ పక్క గొడ్లకొట్టమని రాయించినా. గొడ్లకొట్టానికి పన్ను లేదు గదా. తమ్మునికి చెప్తే వాడూ నవ్వినాడు. పన్నెగ్గొట్టినానని అరుగు మీద కూచోని మీసం తిప్పినా పాపా, ఈ మూతి మీద మీసం."

అంటూ మీసం లేని పైపెదవి మీద వేలు రాసుకున్నాడు.

ఆ అబద్ధం ఏళ్ల తరబడి రిజిస్టర్లో హాయిగా పడుకుంది. ఏటా ఆ పద్దునే చూసి కొత్త పుస్తకంలో ఎక్కించుకున్నారు. తర్వాత ముంపు గ్రామాల కుటుంబాల లెక్క రాసేవాళ్లు వచ్చారు. ఇల్లున్న ప్రతి కుటుంబానికి పరిహారం, వేరేచోట ఇంటిస్థలం. ఇల్లుందని చూపించడానికి పంచాయతీ పన్ను పుస్తకం.

"మా తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లోల్లు గుమ్మంలో నిలబడిండారు. లోపల పొయ్యి మీద సంగటి ఉడుకుతాంది. వాసన గూడా వస్తాంది. ఆ వచ్చినాయప్ప పుస్తకం జూసినాడు, మా తమ్మున్ని జూసినాడు. ‘ఇది గొడ్లకొట్టం. ఈడ కుటుంబం లేదు’ అన్న్యాడు. మావోడు ఆయప్పతో ఒగ్గ మాట మాట్లాడలా. నాపక్క తిరిగి, ‘నేను గొడ్డునా, అన్నా?’ అన్న్యాడు."

ఆ తర్వాత ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. తప్పు నాదేనని రాసిచ్చాడు. అప్పుడు పన్ను తప్పించుకోడానికి అబద్ధమాడినవాడు ఇప్పుడు పరిహారం కోసం ఆడడని ఏముందన్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తనకొచ్చిన దానిలో సగం తీసుకొని పోతే, తమ్ముడు వాకిట్లోనే ఆపేశాడట.

"‘దుడ్లు నాకొద్దు’ అన్న్యాడు. ‘నేను ఆ ఇంట్లో పెండ్లాం పిల్లోల్లతో కాపురం ఉన్న్యానని రాసిన కాయితం యాడన్నా ఉంటే తీసుకోనిరా. దాన్ని తీసుకోనిరాపో’ అన్న్యాడు. యాడుందమ్మా ఆ కాయితం? రాసినంతే ఇల్లు. నేనే గదా రాయించింది."

తమ్ముడు పులివెందులలో అద్దె ఇంట్లో ఉంటూ తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. అన్న తనకొచ్చిన స్థలం అమ్మి ప్రొద్దుటూరు చివర, జమ్మలమడుగు రోడ్డులో కొత్త స్థలం కొన్నాడు. అందులో అదే తాడు పరిచి, అవే ముళ్ల మీద గోడలు లేపాడు. ఎర్రపీలిక వరకు ఒక ఇల్లు, అక్కణ్నుంచి ఇంకో ఇల్లు. మా మునిసిపాలిటీ మనిషి వచ్చి, వెనకభాగం తాళం వేసి ఉండడం చూసి, పోనీలే పెద్దాయనకు తక్కువ పడుతుందని దయతో స్టోరు అని రాసిపోయాడు.

"మళ్ల కొట్టమనే రాసినారు పాపా" అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

క్యారియర్ మూత పెట్టేశాను. ఆ వారంలోనే టేపు తీసుకొని, మస్తాన్‌ని వెంటబెట్టుకొని ఆ ఇంటికి పోయాను. ఆయన భార్య మంచినీళ్లిచ్చి పక్కకు నిలబడింది. ఆయన వెనకభాగం తాళం తీశాడు. రెండు గదులు, వంటిల్లు, వేరే వాకిలి. గోడలకు సున్నం తెల్లగా ఉంది. వంటింట్లో పొయ్యిగడ్డ, దాని పక్కన ఎండుపుల్లల కట్ట, బోర్లించిన కుండ. పొయ్యిలో బూడిద లేదు, మసి లేదు. ఒక్కసారి కూడా మంట ఎరగని పొయ్యిని నేను చూడడం అదే మొదలు.

నేను కొలతలు రాసుకుంటుంటే ఆయన తాడు పట్టుకొని నా టేపుతో పోటీ పడ్డాడు. "నీ టేపుకంటే నా తాడే నిజం జెప్తాది" అన్నాడు. రెండూ సరిపోయాయి.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఉద్యోగంలో నేర్చుకున్న ఉపాయమే. గొంతు తగ్గించి చెప్పాను. "పెద్దాయనా, మీ తమ్ముడు ఈడ కాపురం ఉంటాండాడని నేను రాసుకుంటా. చూసేదానికి ఎవురూ రారు. వేరే నంబరు పడతాది, ఆయన పేరుతో రసీదొస్తాది. అది తీసుకోనిపోయి ఇయ్యి."

మస్తాన్ తల ఊపాడు. పని అయిపోయిందని నేను పెన్ను తీశాను. ఆయన నా చేతికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వద్దమ్మా. ఒగసారి ఉన్నోన్ని లేనట్టు రాయిస్తి. ఇప్పుడు లేనోన్ని ఉన్నట్టు రాయిస్తే, అదే తప్పు రెండోపారి గదా. వాడు వచ్చినంక రాయి."

నాకు ఒళ్లు మండింది. పని చేసిపెడతానంటే వద్దనే మనిషిని ఏం చేయాలి? స్టోరు అన్న మాటొక్కటి కొట్టేసి "ఇల్లు – ఖాళీ" అని రాశాను. పన్ను పెరిగింది. ఎవరూ లేని ఇంటికి, నిండా మనుషులున్న ఇంటికి కట్టినంత పన్ను. ఆయన ఏటా కౌంటరు తెరవగానే వచ్చి కట్టేవాడు. రసీదు మీద "ఖాళీ" అన్న మాటను బొటనవేలితో తడిమి, మడిచి జేబులో పెట్టుకునేవాడు.

తర్వాత నన్ను పులివెందులకు వేశారు. అక్కడ ఇండ్ల సర్వేలో ఒక మేడ వెనకున్న రెండు గదుల ముందు ఆగాను. యజమాని నాకంటే ముందు మాట్లాడాడు. "ఈడ అద్దెకు ఎవురూ లేరు మేడం. ఈయన మా సుట్టం, నాలుగు దినాలు ఉండిపోయేదానికి వచ్చినాడు." అద్దె లెక్క పోయి కొత్త పద్ధతి వచ్చిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అద్దెకున్నారంటే పన్ను పెరుగుతుందన్న పాత భయం మాత్రం అట్లాగే ఉంది. ఆ చుట్టం అనే మనిషి గనిలో వేసుకునే బట్టల్లోనే గడప మీద కూర్చొని ఉన్నాడు. తలెత్తి మా మాటలు విన్నాడు.

యజమాని లోపలికి పోయాక అన్నాడు: "ఆఫీసోల్లు వచ్చినప్పుడల్లా నేను ఇంగేదో ఒగటి అయితా మేడం. ఆడ గొడ్డునైతి. ఈడ సుట్టమైతి."

నేను రిజిస్టరు మూసేశాను. "మీ అన్న ప్రొద్దుటూరులో ఉంటాడు గదా? చేంతాడు ఎత్తుకొని తిరుగుతాంటాడు" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. "ఇంగా ఆ తాడు ఎత్తుకోనే తిరుగుతాండాడా?" అని, "రెండిండ్ల పన్ను కడ్తాండాడని సుట్టాలు చెప్పిరి. అది నా కోసరమా, ఆయప్పకు నిద్ర పట్టేదాని కోసరమా?" అన్నాడు.

"రెండూ అనుకో. నువ్వు కాపురం ఉన్న్యావని అబద్ధం రాస్తానంటే మాత్రం మీ అన్న ఒప్పుకోలా. లేనోన్ని ఉన్నట్టు రాయొద్దన్న్యాడు. పొయ్యి గూడా ముట్టించలా, అట్లే పెట్టిండాడు."

ఆయన గడప మీంచి లేచి, కుళాయి తిప్పి, ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. నేను వచ్చేశాను. అన్నదమ్ముల్ని కలిపానని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, అట్లాంటిదేమీ జరగలేదు. ఆయన ప్రొద్దుటూరు పోలేదు. నేను మళ్లీ పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వచ్చి రిటైరయ్యే రోజు కూడా ఆ రిజిస్టర్లో "ఖాళీ" అనే ఉంది. ఆ రోజు పెద్దాయన శెనక్కాయలు తెచ్చాడు. "ఇంగ నీ తర్వాత వచ్చేటోల్లకు మళ్ల మొదటి నుంచి చెప్పల్లనా పాపా?" అని అడిగాడు. అవునన్నాను. తల ఊపి, కప్పు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

చనిపోయిన సంగతి మస్తాన్ ఫోన్లో చెప్పాడు. ఊరి చివర వాన తడిలో ఇంటి ముందు టెంటు వేశారట. పులివెందుల నుంచి తమ్ముడు భార్యాపిల్లలతో వచ్చాడు. లోపలికి రాలేదు, టెంటు కిందే నిలబడ్డాడు. అంతా అయిపోయి జనం స్నానాలు చేసి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి ముట్టించరు. పక్కింటివాళ్లు అన్నం వండి పంపిస్తామన్నారు.

"అప్పుడు ఆ తమ్ముడు నోరు తెరిచినాడు మేడం. ‘అక్కరల్యా. మా ఇంట్లో పొయ్యుండాది’ అన్న్యాడు" అని చెప్పాడు మస్తాన్. "ఒగామె ‘అదీ ఇదీ ఒగే ఇల్లు గదప్పా, ముట్టించకూడదు’ అనింది. ‘ఒగటి గాదు, వేరు. మా అన్న వేరుగానే కట్టిచ్చినాడు’ అన్న్యాడు. పెద్దాయన పెండ్లాము కొంగున ఉన్న తాళంచెవి తీసి తోడికోడలి చేతిలో పెట్టింది. పుల్లలు బాగా ఎండిండాయి, ఒగ్గ పుల్లకే అంటుకున్న్యాయి. మేమందరం ఆడనే తిన్న్యాం."

నేను ఫోను పెట్టేసి ఏడ్చాను. నా ఉద్యోగంలో ఎవరి ఇంటి కోసమూ అట్లా ఏడవలేదు.

ఇదంతా ఎదురింటావిడకు చెప్పలేదు. ఒక్కటే అడిగాను. "పైన రూముల్లో ఎవురుంటారు?"

"మా మరిదోల్లు. నీకు తెలీదా ఏంది?"

"వాల్ల పొయ్యి వేరేనా?"

"వేరే. ఏంటికక్కా?"

"పన్ను మోయలేకుండా ఉండాము, తగ్గించమని రాస్తా. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా రాస్తా. వాల్లు ఉండే రూములు షెడ్డని మాత్రం రాయను" అన్నాను. ఆమె మొహం మాడ్చుకొని కాగితం తీసుకుంది. రాసిపెట్టేవాళ్లు ఈ ఊళ్లో నేనొక్కదాన్నేనా? సాయంత్రానికి ఇంకెవరి చేతనో రాయించుకొని ఉంటుంది.

ఆమె పోయాక, మస్తాన్ చెప్పిన ఆఖరు సంగతి మళ్లీ గుర్తొచ్చింది. దినాలు అయిన వారానికి, అన్న కట్టిన ఇంట్లోనే ఉండిపోయిన ఆ తమ్ముడు మునిసిపాలిటీ ఆఫీసుకు వచ్చాడట. భుజాన చేంతాడు ఉందట. వేరే డోరు నంబరు కోసం ఫారం అడిగాడు. మస్తాన్ జాలిపడి, ఖాళీ అనే ఉండనిస్తే తర్వాత ఏదో ఒకటి చేసి తగ్గించుకోవచ్చని చెప్పబోయాడు. ఆయన వినలేదు. మస్తానే కూర్చొని ఫారం నింపాడు. అందులో కాపురం ఎప్పటినుంచి ఉంటున్నారో రాసే గడి ఒకటి ఉంది.

"ఎప్పటినుంచి అని రాయల్లప్పా?" అని అడిగాడు.

ఆయన తలెత్తి, మా ఆఫీసు కప్పు బండల వైపు చూశాడట.

"మా అన్న సచ్చిపోయిన దినం నుంచి" అన్నాడట.